జాకెట్లు కుట్టే అక్కకి ఏం కావాలో తెలుసుకోవడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. ముగ్గురు స్నేహితులు కలిసి విజయవాడలో లేడీస్ టైలర్ల కోసం ఒక యాప్ చేశారు, కస్టమర్ల కొలతలన్నీ ఫోన్‌లో దాచుకునేది. మొదలుపెట్టే ముందు గూగుల్ ఫామ్ పెట్టి "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా" అని అడిగితే 140 మందిలో నూటికి పైగా వాడతామన్నారు. ఆరు నెలలు కష్టపడి చేశారు, 40 షాపులు తిరిగి వాళ్ల ఫోన్లలో వేసి వచ్చారు. ఇప్పుడు చూస్తే ముగ్గురే తెరుస్తున్నారు. చేతిలో డబ్బులు లేవు, జనానికి ఏం కావాలో తెలుసుకునే తేలిక పద్ధతులు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

ఉన్నాయి. నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో యూజర్ రీసెర్చ్, అంటే వస్తువు వాడే జనానికి ఏం కావాలో తెలుసుకునే పనే చేస్తున్నాను. లక్షలు పోసి చేసినవి ఉన్నాయి, ఒక నోటు పుస్తకం, ఆటో ఛార్జీలు తప్ప ఖర్చు లేనివీ ఉన్నాయి. నాకు నిజంగా కళ్లు తెరిపించిన సంగతులు చాలావరకు ఆ రెండో రకంలోనే దొరికాయి.

ముందు ఆ ఫామ్ సంగతి. అందులో ఎవరూ మీకు అబద్ధం చెప్పలేదు, ఆ బాధ మనసులో పెట్టుకోకండి. మీరు అడిగింది ఇంకా చేతికి రాని వస్తువు గురించి, ఇంకా రాని రోజుల గురించి. రేపట్నుంచి పొద్దున్నే లేచి నడకకి వెళ్తారా అంటే ఎవరైనా వెళ్తాననే అంటారు, అన్నప్పుడు మనసులో నిజంగానే ఉంటుంది కూడా. పైగా ఆ 140 మందిలో టైలర్లు ఎంతమంది, మీ స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో లింకు చూసి నింపినవాళ్లు ఎంతమంది అన్నది ఒకసారి లెక్క తీయండి. రోజంతా మిషన్ మీద కూర్చునే మనిషికి ఫామ్ నింపే తీరిక ఉండదు.

నాకు ఈ పాఠం 2011లో అయింది. గుంటూరు జిల్లాలో మిర్చి రైతులకి రోజూ యార్డు ధరలు మెసేజ్‌గా పంపే సేవ ఒకటి, అప్పుడు నేను పనిచేసిన కంపెనీ చేసింది. ముందు పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టాం, పాతికమంది వచ్చారు, టీలు తాగారు, చాలా మంచి పని మేడమ్ అన్నారు. సేవ మొదలయ్యాక ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకో తెలియక మళ్లీ ఆ ఊరెళ్లి రెండు రోజులున్నాను. రెండో రోజు టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన చెప్పాడు. ఆ మెసేజ్‌లు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తున్నాయి, వాళ్లబ్బాయి చదివి చెప్పాలి, ఆ అబ్బాయేమో హాస్టల్లో ఉంటాడు. అది సగమే. మిగతా సగం ఆయన మాటల్లోనే చెప్తాను: "రేటు తెలిసి మాత్రం ఏం చేస్తామమ్మా, పెట్టుబడికి అప్పిచ్చిన ఏజెంటుకే సరుకు వెయ్యాలి కదా." ఇది మీటింగులో ఎందుకు చెప్పలేదండీ అంటే, మీరు అడగలేదు, పైగా ఆ ఏజెంటు బావమరిది మీ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు అన్నాడు.

అప్పట్నుంచి నేను మొదటి మాటలు పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం మానేశాను. పదిమందిలో అందరూ ఒప్పుకునే మాటే బయటికొస్తుంది. మీ విషయంలో కూడా టైలర్ల అసోసియేషన్ మీటింగులో అడుగుదాం అనే ఆలోచన వస్తే వదిలేయండి. పక్క షాపావిడ వింటుండగా ఏ టైలరూ "నేను చెప్పిన రోజుకి ఇవ్వలేకపోతున్నాను" అని అనదు.

ఎదుటివాళ్లని నొప్పించకూడదనే మన మర్యాద కూడా ఇక్కడ అడ్డమొస్తుంది. దీన్ని కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 2012లో ప్రచురించిన ఒక పరిశోధన కోసం బెంగుళూరులో 450 ఇంటర్వ్యూలు చేశారు. ఒకేలా ఉన్న రెండింటిని చూపించి, ఇందులో ఒకటి మేం చేసింది అని తెలిసేలా చేస్తే, ఆ అడుగుతున్న మనిషి చేసిందే బాగుందని చెప్పడం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అడిగేది విదేశీ పరిశోధకుడు, పక్కన అనువాదం చేసే మనిషి అయితే అది ఐదు రెట్లకు పోయింది. మీరు లాప్‌టాప్ బ్యాగులతో, మెడలో ఐడీ కార్డులతో షాపులోకి వెళ్లి "మా యాప్ ఎలా ఉందక్కా" అంటే ఏం జవాబొస్తుందో వెళ్లకముందే రాసి పెట్టుకోవచ్చు.

అందుకే వాళ్లతో మాట్లాడేటప్పుడు యాప్ చేసింది మీరేనని చెప్పకండి. అబద్ధం ఆడమని కాదు. "టైలరింగ్ పని ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని వచ్చాం, మీ దగ్గర నేర్చుకోవాలి" అంటే అది నిజమే కదా. 40 షాపుల్లో మీ ముగ్గురి మొహాలు తెలిసిపోయాయి కాబట్టి ఈసారి కొత్త షాపులకి వెళ్లండి, కుదిరితే ఒక అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. జాకెట్టు కొలతలు, చంక దగ్గర పట్టేయడం, డార్ట్ ఎక్కడ పడాలి అనే మాటలు మగపిల్లల ముందు అక్కడి కస్టమర్లు మాట్లాడరు, వాళ్లు మాట్లాడకపోతే మీకు సగం పని కనబడదు.

మర్యాద మాటల్ని విడదీసి వినడం కూడా అలవాటు చేసుకోవాలి. "బాగుంది" వేరు, "బానే ఉంది" వేరు, ఆ మధ్యలో వచ్చిన దీర్ఘంలోనే సంగతంతా ఉంటుంది. "చూద్దాం లెండి" అంటే వద్దని. "మా అబ్బాయిని అడిగి చెప్తా" అంటే అర్థం కాలేదని గానీ, ఫోన్ తన చేతిలో ఉండదని గానీ. "ఇది మా పక్కింటి జ్యోతికి బాగా పనికొస్తుంది" అంటే తనకు పనికిరాదని. కానీ "ఇందులో ఫాల్, పికో డబ్బులు విడిగా రాసుకోవచ్చా?" అని అడిగిందనుకోండి, ఆ మనిషి మనసులో అప్పుడే వాడటం మొదలుపెట్టింది. పొగడ్త వచ్చినప్పుడు కాకుండా ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు పుస్తకంలో గీత గీసి రాసుకోండి.

ఇక అసలు పద్ధతి. మీ ప్రశ్న చదివాక మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క దగ్గరికి శనివారం మధ్యాహ్నం వెళ్లి, అనుమతి అడిగి, రెండు గంటలు స్టూలు మీద కూర్చున్నాను. నాకు ఏడేళ్లుగా ఆమే కుడుతుంది. అయినా ఇన్నేళ్లలో గమనించనివి ఆ రెండు గంటల్లో ఎన్ని చూశానో.

గోడకి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో క్యారీ బ్యాగు. సంచిలో జాకెట్టు గుడ్డ, లైనింగ్ గుడ్డ, వాటి మధ్యలో చుట్టి పెట్టిన ఆది జాకెట్టు, పైన గుండుసూదితో గుచ్చిన చీటీ. చీటీ మీద పేరు, "చేతులు పొడుగు, వెనక దారాలు", అడ్వాన్సు 200, ఒక వారం పేరు. కొలతల పుస్తకం ఉందా అక్కా అని అడిగితే సొరుగులోంచి తీసి చూపించింది. మొదటి పది పేజీలు అందంగా గీతలు గీసి రాసి ఉన్నాయి, ఆ తర్వాత పేజీల నిండా వాళ్ల పాప ఎక్కాలు. కొలతలు ఎక్కడ ఉంటాయి మరి? ఆది జాకెట్టులో ఉంటాయి. "టేపు పెట్టి కొలిస్తే ఒకలా వస్తుందమ్మా, ఆమెకి నప్పేది ఇంకోలా ఉంటుంది, నప్పిన జాకెట్టు చేతిలో ఉంటే నాకు అంకెలతో పనేంటి" అంది.

మీరు ఆరు నెలలు పెట్టి కట్టిన యాప్ ఆ సొరుగులోని పుస్తకానికి బదులుగా కట్టారు. నేను చూసింది ఒక్క షాపే, దీన్ని పట్టుకుని తీర్పు చెప్పేయడం లేదు. మగవాళ్ల ప్యాంట్లు, షర్టులు కుట్టేచోట, స్కూలు యూనిఫాంలు కుట్టేచోట కొలతల పుస్తకమే ప్రాణం కావచ్చు. కానీ లేడీస్ టైలర్ల దగ్గర మీరు వెళ్లి మొట్టమొదట చూడాల్సింది అదే, కొలతల పుస్తకంలో చివరి పేజీ ఎప్పుడు రాశారు?

ఆ రెండు గంటల్లో ఆమెకి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఏడు ఒకటే మాట, "అక్కా అయ్యిందా?" ప్రతిసారీ మిషన్ ఆపి, దారం తెంపి, ఫోన్ భుజానికి చెవికి మధ్య నొక్కిపెట్టి, లేచి మేకుల దగ్గరికి వెళ్లి ఆ సంచి ఏదో వెతికి, చూసి, "రేపు సాయంత్రం రామ్మా" అని, మళ్లీ వచ్చి కూర్చుని, ఎక్కడ ఆపిందో చూసుకుని మొదలుపెడుతుంది. ఒకసారి కూర్చున్నాక కుట్టు తప్పిందని విప్పింది కూడా. ఇంకోటి గమనించాను. చీటీ మీద "శుక్ర" అని ఉంటే, పైన క్యాలెండర్‌లో అదే పేరు గురువారం గడిలో ఉంది. కస్టమర్‌కి చెప్పే రోజు ఒకటి, తనకోసం పెట్టుకున్న రోజు ఒకటి. ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టుకున్న ఏర్పాటు అది.

ఇలాంటి ఏర్పాట్ల కోసమే వెతకండి. మనిషి ఒక ఇబ్బందిని తట్టుకోలేక తన చేతనైనంతలో ఏదో ఒకటి చేసుకున్నాడంటే ఆ ఇబ్బంది నిజమైనదని దానికి మించిన రుజువు లేదు. రెండు తేదీలు, చీటీల రంగులు, గోడ మీద పెన్సిల్ గీతలు, "పెళ్లివి" అని విడిగా పెట్టిన పెద్ద సంచి, వాట్సాప్‌లో తనకి తనే పంపుకున్న ఫోటోలు. కెన్యాలో ఎం-పెసా అని ఫోన్లో డబ్బు పంపుకునే సేవ ఉంది, దాని కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2005లో అది మైక్రోఫైనాన్స్ అప్పుల వాయిదాలు ఫోన్లో కట్టించడానికి మొదలైన ప్రయోగం. వాయిదాలు కట్టమని ఇచ్చినదాన్ని జనం ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడుకున్నారు. చేసినవాళ్లు దాన్ని తప్పుగా వాడుతున్నారని సరిదిద్దకుండా, జనం చేస్తున్నదాన్నే అసలు సేవగా చేసి 2007 మార్చిలో అక్కడి ఫోన్ కంపెనీ సఫారీకామ్ పేరుమీద "ఇంటికి డబ్బు పంపండి" అంటూ విడుదల చేశారు. పక్కదారి వాడకం కనిపిస్తే అటే వెళ్లి చూడండి.

కూర్చునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఊరికే వెళ్లి ఆమె పూట పాడుచేయకండి, నిజంగా ఏదైనా కుట్టించుకోండి, లేదా ఆ రెండు గంటలకి ఎంతో కొంత ముందే చెప్పి ఇవ్వండి. ఫోటో తీసేముందు అడగండి, చీటీల మీద పేర్లు, ఫోన్ నంబర్లు ఫోటోలో పడనివ్వకండి. ఆడవాళ్ల కొలతలు చాలా సొంత విషయం, అవి మీ ఫోన్లలోకి రావడమే తప్పు. మొదటి అరగంట ఆమె మీకోసం కాస్త సర్దుకుని పనిచేస్తుంది, ఆ అరగంటని నమ్మకండి. తర్వాత మిమ్మల్ని మర్చిపోతుంది. ఏ పూట వెళ్తున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు అన్నది కూడా ముఖ్యమే. ఆషాఢంలో డిస్కౌంట్లలో చీరలు కొంటారు, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అందరికీ జాకెట్లు ఒక్కసారే కావాలి, పెళ్లి ముహూర్తాలూ అప్పుడే. ముహూర్తాలు లేని రోజుల్లో ఆమెని అడిగితే అంతా తీరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు రకాల రోజులూ చూడాలి.

చూడటం అయ్యాక మాట్లాడటం. ఇక్కడ నేను గట్టిగా పట్టుకునే నియమం ఒకటుంది, "సాధారణంగా ఏం చేస్తారు" అని అడగను, "చివరిసారి ఏమైంది" అని అడుగుతాను. ఇది నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక విమాన దళం కోసం చేసిన పనిలోంచి జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి తయారుచేసి 1954లో ప్రచురించాడు. మంచి పైలట్ ఎలా ఉండాలి అని అభిప్రాయాలు అడిగే బదులు, ఫలానా రోజు ఏం జరిగింది, అప్పుడు ఎవరు ఏం చేశారు అని జరిగిన సంఘటనలు చెప్పించడం దాని సారం. ఆ తేడా ఎంతుంటుందో మా అక్కతో జరిగిన మాటల్లోనే చూడండి.

మొదట కావాలనే మీ ఫామ్‌లోని ప్రశ్న అడిగాను. కొలతలు ఫోన్‌లో ఉంటే బాగుంటుందా అక్కా అంటే, మిషన్ మీంచి తల ఎత్తకుండానే "ఆ, బాగుంటుందమ్మా" అంది. అక్కడితో అయిపోయింది, దాని వెనక ఇంకేం లేదు. తర్వాత ఇలా అడిగాను.

"ఈమధ్య చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయింది ఏదైనా ఉందా అక్కా?"

"మొన్న బుధవారం. వాళ్లింట్లో గురువారం సత్యనారాయణ వ్రతం."

"ఏమైంది?"

"ఆ రంగు లైనింగ్ మ్యాచింగ్ సెంటర్‌లో లేదమ్మా. రెండు రోజులు ఆగి తెప్పించాడు. తడిపి ఆరేసేసరికి ఇంకో పూట పోయింది."

"ఆమెకి ముందే చెప్పారా?"

"చెప్తే తిడుతుందని చెప్పలేదు. సాయంత్రం ఆమే వచ్చింది."

"మరేం చేశారు?"

"ఆమెని కూర్చోబెట్టి ఎదురుగానే హుక్కులు కుట్టి ఇచ్చా. తొమ్మిదిన్నర అయ్యింది. మా పాప అన్నం తినకుండానే పడుకుంది."

ఈ మాట చెప్పేటప్పుడు మిషన్ ఆపింది. పావుగంట కూడా పట్టని ఈ మాటల్లో ఆలస్యం ఎక్కడ మొదలవుతుందో తెలిసింది, లైనింగ్ దగ్గర. ఆలస్యం కంటే దాన్ని చెప్పాల్సిరావడమే ఆమెకి ఎక్కువ కష్టమని తెలిసింది. ఆ కష్టం ఇంట్లో ఎవరి మీద పడుతోందో తెలిసింది. ఇందులో కొలతల మాట ఒక్కసారి కూడా రాలేదు, నేను తెచ్చినప్పుడు తప్ప.

అడిగేటప్పుడు ప్రశ్నలో జవాబు పెట్టకండి. "ఫోన్లు విసిగిస్తుంటాయి కదక్కా" అంటే అవునంటుంది. "ఆ తర్వాత?", "అప్పుడేం చేశారు?", "అదెలాగో చూపిస్తారా?" ఈ మూడు మాటలతో గంట నడుస్తుంది. మధ్యలో ఆమె ఆగితే మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, నాలుగు సెకన్లు ఊరుకోండి, అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. ఆమె జాకెట్టు అంటే మీరూ జాకెట్టు అనండి, బ్లౌజు అంటే బ్లౌజు అనండి. ఆమె వాడిన మాటే రేపు మీ యాప్‌లో బటన్ మీద ఉండాలి. మీ యాప్‌లో "ఆర్డర్ స్టేటస్" అని ఉందని రాశారు, ఆ షాపులో అది "అయ్యిందా".

నోట్సు ఎలా రాసుకోవాలి అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ఆమె అన్న మాటలు అన్నట్టే రాయండి, మీకు అనిపించింది పక్క పేజీలో రాయండి, రెండూ కలపకండి. "డెలివరీ మేనేజ్‌మెంట్ సమస్య" అని రాసుకుంటే రెండు రోజుల తర్వాత అందులో ఏమీ మిగలదు. "చెప్తే తిడుతుందని చెప్పలేదు" అని రాసుకుంటే ఏడాది తర్వాత కూడా పనికొస్తుంది. మీలో కోడ్ రాసే అబ్బాయిని కూడా కనీసం రెండు షాపులకి తీసుకెళ్లండి. తన కళ్లతో చూసినవాడికి మీరు పవర్‌పాయింట్లో నచ్చజెప్పాల్సిన అవసరం రాదు. ఐదారు షాపులు అయ్యాక ఒక్కో మాట ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరిచి, ముగ్గురూ కూర్చుని ఒకేలాంటివి ఒకచోట పెట్టండి. కుప్పకి పేరు ముందే పెట్టకండి, కుప్ప తయారయ్యాక పెట్టండి.

ఎంతమందిని కలవాలి అనే టెన్షన్ పెట్టుకోకండి. ఒకేలాంటి షాపులు ఆరేడు చూస్తే మాటలు మళ్లీ మళ్లీ వినబడటం మొదలవుతుంది, కొత్తది రావడం ఆగితే అప్పటికి చాలు. ఒక్కతే కూర్చుని ఇంట్లో కుట్టే ఆవిడ, ఇద్దరు ముగ్గురు పనివాళ్లున్న షాపు, కటింగ్ మాస్టర్‌ని పెట్టుకున్న బొటీక్, ఇవి మూడు వేరు లోకాలు, కలిపి లెక్కేయకండి. ఒక్క లోకం ఎంచుకోండి.

ఇవన్నీ చూశాక ఏదో ఒక ఊహ వస్తుంది కదా, "అయ్యిందా ఫోన్లు తగ్గించే ఏర్పాటు చేద్దాం" అని. అప్పుడు కూడా కోడ్ రాయకండి. తెల్ల కాగితాల మీద ఫోన్ అంత సైజులో తెరలు గీసి, ఒక్కోటి ఆమె ముందు పెట్టి, వేలితో ఎక్కడ నొక్కుతుందో చూడండి. జనం కంప్యూటర్లు ఎలా వాడతారో పరిశోధించిన జేకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషిని కూర్చోబెట్టి చూస్తే వాడకంలో ఉన్న ఇబ్బందుల్లో సగటున 31 శాతం బయటపడతాయి, ఐదుగురితో సుమారు 85 శాతం. ఇది ఇబ్బందులు పట్టుకోవడానికి చెప్పిన లెక్క, "ఐదుగురిలో నలుగురికి నచ్చింది కాబట్టి 80 శాతం జనానికి నచ్చుతుంది" అనడానికి కాదు. ఈ తప్పు పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా చూస్తుంటాను.

అయితే కాగితం ముందు పెట్టి "ఇది ఎలా ఉంది" అంటే మళ్లీ ఆ మర్యాదే. దీనికి మన దేశంలోనే పుట్టిన ఒక ఉపాయం ఉంది. అపలా లాహిరి చవాన్ అనే డిజైన్ నిపుణురాలు దీనికి బాలీవుడ్ పద్ధతి అని పేరు పెట్టారు. మామూలుగా టికెట్ బుక్ చేయండి అంటే మనవాళ్లు మొహమాటంగా చేసి బాగుందనేస్తారు. అదే, మీ మేనకోడలికి పెళ్లి, పెళ్లికొడుకు కిరాయి హంతకుడని ఇప్పుడే తెలిసింది, వెంటనే టికెట్ తీసి ఆ పిల్లని దాటించాలి అంటే, ఆ కథలో పడి మొహమాటం మర్చిపోయి "ఇదేంటి, ఎక్కడ నొక్కాలి, ఇది రావట్లేదు" అని నోటికొచ్చినట్టు చెప్తారు. నేను దీన్ని చాలాసార్లు వాడాను, పనిచేస్తుంది. మీకైతే కథ పక్కనే ఉంది: రేపు పొద్దున ఆరింటికి ముహూర్తం, పెళ్లికూతురి జాకెట్టుకి మగ్గం వర్క్ అయ్యి ఇప్పుడే వచ్చింది, ఇంకా కుట్టాలి, పెళ్లికూతురి తల్లి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, ఇందులోంచి ఆమెకి ఓ కబురు పంపండి అక్కా, అనండి. ఆమె కాగితం మీద ఎక్కడ వెతుకుతుందో, ఎక్కడ విసుక్కుంటుందో చూడండి, నోరు మాత్రం మెదపకండి. సాయం చేయాలని చెయ్యి ముందుకి వస్తుంది, ఆపుకోవాలి.

తర్వాత మీకు అన్నిటికంటే పనికొచ్చేది, యాప్ లేకుండా యాప్ చేసే పనిని చేతులతో చేయడం. 1980ల మొదట్లో జాన్ కెల్లీ అనే పరిశోధకుడు మామూలు మాటల్లో టైపు చేస్తే అర్థం చేసుకునే క్యాలెండర్ ప్రోగ్రాం తయారుచేసేటప్పుడు, మొదట్లో ప్రోగ్రాం చేయాల్సిన పనిని వెనక ఉండి తనే చేసి, జనం ఏం టైపు చేస్తున్నారో చూసి దాన్నిబట్టి కట్టుకుంటూ వెళ్లాడు. మీరు ఇద్దరు టైలర్లతో ఒప్పందం చేసుకోండి. రెండు వారాలు, రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆమె వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది, ఈరోజు ఏవి అయ్యాయి, ఏవి ఆగాయి, ఎందుకు ఆగాయి. మీలో ఒకరు అది విని, ముందే సరేనన్న కస్టమర్లకి మాత్రమే, షాపు పేరుతో కబురు పంపుతారు: "మీ జాకెట్టు శనివారం రెడీ." ఆ రెండు వారాల్లో "అయ్యిందా" ఫోన్లు ఎన్ని వచ్చాయో ఆమె గోడ మీద గీతలు పెడుతుంది, ముందు వారం గీతలతో పోల్చండి.

ఇందులో ఏం జరుగుతుందో నేను ఇప్పుడే చెప్పలేను, మీరు చేస్తేనే తెలుస్తుంది. ఆగిపోయింది అనే కబురు పంపనివ్వకపోవచ్చు, ఎందుకంటే తిట్లు తినాల్సింది ఆమే. వాయిస్ మెసేజ్ మూడో రోజుకే మానేయవచ్చు, మానేస్తే అది కూడా మీకు జవాబే, ఎందుకు మానేశారని ఆ రోజు సంగతి అడగండి. కస్టమర్ల వైపు నుంచి కూడా వినండి, జాకెట్టు చేతికి తీసుకున్న నలుగురితో అక్కడే అరుగు మీద ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. వాళ్లకి కబురు కావాలా, లేక చీర ఫాల్‌తో సహా ఒకేసారి రావాలా అన్నది టైలర్ చెప్పగలిగేది కాదు, వాళ్లే చెప్పాలి.

రెండు వారాలు అయ్యాక "నచ్చిందా" అని అడగకండి. "వచ్చే నెల కూడా చేయాలంటే నెలకి 100 రూపాయలు అవుతుందక్కా, కొనసాగించమంటారా" అనండి. 100 చిన్న మొత్తమే, కానీ కష్టపడి కుట్టి సంపాదించే డబ్బు అది, తేలిగ్గా తీసి ఇవ్వదు. ఇస్తే నిజంగా కావాలని. బేరం ఆడినా మంచిదే, కావాలనుకున్నదానికే మన వాళ్లు బేరమాడతారు. "ఇప్పుడొద్దులే తల్లీ" అంటే గౌరవంగా ఆపేసి, ఎప్పుడు ఆ ఫోన్ల బాధ ఎక్కువ ఉంటుందో ఆ నెలలో మళ్లీ అడగండి.

సర్వేలు అసలు వద్దని కాదు. ఇన్ని షాపులు తిరిగి, ఇబ్బంది ఏమిటో వాళ్ల మాటల్లో తెలిశాక, అది ఎంతమందికి ఉందో లెక్కపెట్టడానికి సర్వే పనికొస్తుంది. అప్పుడు కూడా "గత వారంలో ఎన్ని జాకెట్లు చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయారు" లాంటి జరిగిన సంగతే అడగండి, నాలుగైదు ప్రశ్నలు మించకుండా, లింకు పంపకుండా, షాపు దగ్గర నిలబడి మీరే నింపుకోండి.

ఒకటి మర్చిపోయాను, నిజానికి ముందే చెప్పాల్సింది. మీ యాప్ ఇంకా తెరుస్తున్న ఆ ముగ్గురు ఉన్నారు కదా, కొత్త షాపులకన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. 40 మందిలో 37 మంది వదిలేసినదాన్ని వాళ్లు రోజూ ఎందుకు తెరుస్తున్నారు? మీరు అనుకున్న పనికే వాడుతున్నారా, లేక కొలతలు రాయాల్సిన గడిలో ఇంకేదైనా రాసుకుంటున్నారా? బాకీలు రాసుకుంటూ ఉండవచ్చు, జాకెట్టు డిజైన్ల ఫోటోలు పెట్టుకుంటూ ఉండవచ్చు. ఫోన్ చేసి అడగకండి, వెళ్లి "చివరిసారి ఎప్పుడు తెరిచారు, ఆరోజు చేసింది నాకోసారి చూపిస్తారా అక్కా" అని తెర చూపించమనండి. ఆ తర్వాత వదిలేసిన వాళ్లలో ఐదుగురిని, ఎందుకు మానేశారని కాకుండా, ఆఖరిసారి తెరిచిన రోజు ఏం జరిగిందని అడగండి.

శనివారం పూటలు మంచివి, ఆదివారం డెలివరీల హడావిడి ముందురోజు కాబట్టి షాపు అసలు రంగు కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, సాయంత్రం లైట్లు వేసేదాకా ఉండండి. ఒక జాకెట్టు గుడ్డ, దాంతోపాటు మీ ఇంట్లో ఎవరిదైనా ఆది జాకెట్టు తీసుకెళ్లడం మర్చిపోకండి. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోగానే తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది, మీ మాటలు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.